ఆరు మీటర్ల వంపు

"అమ్మా, కోత మిషన్ ఎక్కడ పెట్టాడో నాన్నని అడుగు."

"అది నన్నే అడిగితే చెప్తానని చెప్పు."

తండ్రికీ కూతురికీ మధ్య నాలుగడుగుల దూరం కూడా లేదు. ఆ నాలుగడుగుల్లో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్న తల్లి తలెత్తలేదు.

"నాకేం వినపడలేదు. మూడు రోజులుగా మీ ఇద్దరి మధ్యా టపా మోస్తున్నాను. ఇవాళ నాకు సెలవు."

మూడు రోజులుగా ఆ ఇంటి వీధి తలుపు కూడా మూతపడలేదు. మూసే వీలు లేదు. ఆరు మీటర్ల ఇనప చట్రం ఒకటి వాకిట్లో పడుకుని, వాకిలి చాలక, తలభాగం గడప దాటించి ముందుగదిలోకి చాచింది. పొడుగ్గా చదరపు గొట్టాలు, వాటి మధ్య ఏటవాలు కమ్ములు. మేనత్త దాన్ని నిచ్చెన అనే పిలుస్తోంది. ఆమె మంచం సరిగ్గా దాని తలాపునే ఉంది మరి.

"పొద్దున్న లేస్తూనే మోకాలికి తగిలింది," అందామె లోపల్నుంచి. "ఆ రాకెట్టు ఎప్పుడు పైకి పోతుందో గానీ, అంతకంటే ముందు నేను పోయేట్టున్నానురా తమ్ముడూ."

ఎవరూ నవ్వలేదు.

కూతురు చట్రం ఈ కొసకి ఒక మేకు, ఆ కొసకి ఒక మేకు బిగించి తెల్ల దారం లాగి కట్టింది. దారం తిన్నగా నిలిచింది. దాని కింద ఇనుము మాత్రం నిలవలేదు. కొసల దగ్గర దారాన్ని తాకుతూ, నడుముకి వచ్చేసరికి గేదె పొట్టలా కిందికి దిగింది.

స్కేలు పెట్టి చూసింది. నిన్నా పెట్టింది, మొన్నా పెట్టింది.

"పదకొండు మిల్లీమీటర్లు," అంది గోడతో.

"పదకొండు మిల్లీమీటర్లంటే ఎంతని?" మేనత్త గడపలోకి వచ్చి నిలబడింది. "నా వేలంత లేదు. దీనికోసమా తిండి మానేశావు?"

"అత్తా, నాకు సైకిల్ నేర్పించేటప్పుడు నువ్వు వెనక సీటు పట్టుకుని పరిగెత్తేదానివి. ఎందుకు?"

"వదిలితే పడతావని."

"కాస్త వేగం వచ్చాక?"

"వదిలేసేదాన్ని. అప్పుడు నీ అంతట నువ్వే పోయేదానివి."

"రాకెట్టూ అంతే. మొదట్లో దానికి వేగం ఉండదు, తోకరెక్కలకి గాలి పట్టు దొరకదు. ఈ టవర్‌కి బిగించే గాడిలో ఆరు మీటర్లు జారి, వేగం అందుకుని బయటికి రావాలి. గాడి తిన్నగా ఉంటే తిన్నగా పోతుంది. వంకరగా ఉంటే ఆ వంకర ఎటు చూపిస్తే అటు. మైదానంలో జనం ఉంటారత్తా."

మేనత్త ఇంక వేలు చూపించలేదు.

తొమ్మిది మంది పిల్లలు ఏడాది పాటు కూర్చి చేసిన రాకెట్టు అది. ఒకరు ఇంజన్, ఒకరు పారాచూట్, ఒకరు లోపలి తీగలు. దాన్ని పట్టుకుని నిలబెట్టే ఈ టవర్ మాత్రం ఈ పిల్లది. ఫ్యాక్టరీకి ఇద్దామని మిగతావాళ్ళు అంటే, మా నాన్న ఉండగా ఫ్యాక్టరీ ఎందుకని పంతం పట్టి తెచ్చుకుంది. నాన్నంటే గేట్ల మేస్త్రి. ఆ వీధిలో ఆయన చెయ్యని గేటు లేదు.

రేపు పొద్దున్న తొమ్మిదింటికి కాలేజీలో తనిఖీ. రాకెట్లు ఎగరేసే మైదానం తాలూకు అధికారి వస్తాడు. మూడు ముక్కలుగా తెచ్చిన టవర్‌ని ఆయన కళ్ళముందే అరగంటలో బోల్టులు బిగించి నిలబెట్టాలి. వంపు మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే ఎగరబోయే రాకెట్ల జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. మళ్ళీ ఏడాదికి గానీ అవకాశం లేదు. అప్పటికి తొమ్మిది మందిలో ఆరుగురు చదువు ముగించి వెళ్ళిపోతారు.

మేస్త్రి చేసిన ఘనకార్యం ఏమిటంటే, మూడు రోజుల కిందట కూతురు పరీక్ష రాయడానికి వెళ్ళినప్పుడు, ఆ మూడు ముక్కల్నీ కలిపి, బోల్టులు ఉండాల్సిన చోట నిండా వెల్డింగ్ చేసేశాడు. అది చాలదన్నట్టు పైనుంచి ఒక పొడుగాటి ఇనప బద్దీ పరిచి, జానెడుకో చోట దాన్నీ అతికించాడు.

"బోల్టుల్ని ఎలా నమ్ముతాం?" అన్నాడు ఇప్పుడు, ఎవరూ అడక్కుండానే. "గేటుకి బోల్టు వేసి చూడు. ఏడాది తిరక్కుండా గలగలమంటుంది. నేను వేసిన అతుకు ఊడిందని ఈ ఊళ్ళో ఒక్కణ్ణి చెప్పమను."

"ఊడాలి నాన్నా!" కూతురు గోడని వదిలేసి ఆయన వైపు తిరిగింది. "ఊడదీయడానికే అలా గీశాను! మూడు ముక్కలు, ముక్కకి రెండు మీటర్లు, వ్యానులో పట్టాలి అని నీ చేతికి కాగితం ఇచ్చానా లేదా? నువ్వు చదివావా?"

"చదివాను. గట్టిగా ఉంటే నీకే మంచిదని..."

"నా మంచి నువ్వు చూడకు. ఇంక దీని జోలికి నువ్వు రావద్దు నాన్నా. మొన్న చెప్పాను, మళ్ళీ చెప్తున్నాను."

మేస్త్రి మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. ఎడమచేత్తో.

తల్లి చేతిలో కాయ విప్పకుండా అలాగే ఉండిపోయింది.

"టవరేమో వంకర," అంది మేనత్త మెల్లగా. "నిలబెట్టాల్సినవాళ్ళేమో ఎడమొహం పెడమొహం."

ఫోన్ మోగింది. కూతురు వాకిలి చివరికి వెళ్ళి మాట్లాడింది. అవతలివైపు వాళ్ళ జట్టు పెద్ద, అందరూ కెప్టెన్ అని పిలిచే అమ్మాయి. ఇటునుంచి "ఊఁ", "తెలుసు", "కొంచెం టైమివ్వవే" తప్ప ఏమీ వినపడలేదు.

తిరిగొచ్చిన పిల్ల మొహం చూసి తల్లే అడిగింది. "ఏమంటుంది?"

"పక్క కాలేజీవాళ్ళ దగ్గర ఒక టవర్ ఉందట. ఇస్తామన్నారట. ఆరింటికల్లా ఏదో ఒకటి చెప్పమంది."

"తీసుకుంటే?"

"రాకెట్ ఎగురుతుందమ్మా." ఆ పిల్ల చట్రం మీద చెయ్యి వేసింది. "నేను గీసింది ఇక్కడ పడుంటుంది. గేటు కింద వాడుకోవచ్చు."

అప్పుడు టైము రెండున్నర.

తల్లి బఠాణీల పళ్ళెం పక్కన పెట్టి, ఒళ్ళో పొట్టు దులుపుకుని లేచింది.

"కోత మిషన్ షాపులో ఉంది. వెళ్ళి తెచ్చుకో."

"నాన్న చెప్పాలిగా."

"నేను చెప్తున్నాను. వెళ్ళు. వెళ్ళినదానివి కాస్త చుట్టూ చూసి రా."

షాపంటే ఇంటికి ఆనుకుని ఉన్న రేకుల గది. అక్కడ సామానంతా గోడ మీద, మేస్త్రి తల కంటే ఎత్తున, మేకులకి వేలాడుతుంది. ఆ పిల్ల రెండేళ్ళప్పుడు అంత పైన కొట్టిన మేకులవి. సుత్తీ అదీ చేతికందకూడదని. ఎనిమిదేళ్ళప్పుడు స్టూలెక్కి అందుకోబోయి వీపు మీద ఒకటి తిన్న గోడ అది.

ఇప్పుడా గోడ పైభాగం ఖాళీగా ఉంది. వరసగా చిల్లులు కనిపిస్తున్నాయి. చిల్లుల కింద, గోడ రంగు వెలిసిపోని చోట, సుత్తి ఆకారంలో, రంపం ఆకారంలో మచ్చలు. సామానంతా నడుము ఎత్తుకి దిగి, కొత్త మేకులకి వేలాడుతోంది.

కూతురు కోత మిషన్ అందుకోలేదు. తల్లి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఈ మేకులెప్పుడు దిగాయమ్మా?"

"నాలుగు నెలలైంది."

"అడగలేదా నువ్వు?"

"అడిగాను. పొట్టివాళ్ళు బేరానికొస్తున్నారు, వాళ్ళకి కనపడొద్దా అన్నారు."

నవ్వొచ్చే మాటే. పిల్లకి నవ్వు రాలేదు.

"చొక్కా వేసుకునేటప్పుడు ముందు కుడిచెయ్యి దూర్చి, తర్వాత ఎడమచేత్తో లాక్కుంటున్నారు. అటకమీది పెట్టె దించమంటే రేపంటారు. నేను ఇవి చూశాను, నీకు ఇంకొకటి కనపడాలి," అంది తల్లి. "ఒక్కవైపే వెల్డింగ్ చేస్తే ఇనుము ముడుచుకుని ఆ వైపుకి లాగుతుందని నీకు పదేళ్ళప్పుడు నేర్పింది ఎవరు?"

"నాన్న."

"ఇటో అతుకు, తిప్పి అటో అతుకు. గేటు ఎంత చిన్నదైనా సరే. అలాంటి మనిషి ఆరు మీటర్ల బద్దీ మొత్తం ఒక్క పక్కనే ఎందుకు వేశాడు?"

పిల్ల గోడ వైపే చూసింది. "తిప్పలేక."

తల్లి కోత మిషన్ తీసి కూతురి చేతిలో పెట్టింది.

వాకిట్లో మేస్త్రి ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు. కూతురు వచ్చి ఆయనకి ఎదురుగా, నేలమీద చతికిలబడింది.

"నాన్నా. ఈ వంపు తియ్యాలంటే ఎలా?"

"జోలికి రావద్దన్నావుగా."

"అన్నాను. ఎలా తియ్యాలి?"

ఆయన కాసేపు బిగుసుకున్నాడు. కానీ ఇనుము గురించి ఎవరైనా అడిగితే చెప్పకుండా ఉండడం ఆయన వల్ల ఎప్పుడూ కాలేదు.

"ముందు బద్దీ కోసెయ్యి. అతుకులు మూడు పక్కలా అరగదీసి విడదియ్యి. బోల్టులు బిగించు, నీ బోల్టులే. అప్పటికి సగం వంపు పోతుంది. మిగిలింది ఇనుములోకి దిగిపోయిన వంపు. వేడికి వచ్చింది కదా, మళ్ళీ వేడితోనే పంపాలి. పొట్ట ఎటు ఉబ్బిందో అటువైపు, రూపాయి బిళ్ళంత మేర మంట పెట్టాలి. కాలినప్పుడు ఇంకొంచెం ఉబ్బుతుంది. భయపడకూడదు. చల్లారేటప్పుడు ముడుచుకుని లోపలికి లాగుతుంది."

"ఎంత లాగుతుంది?"

"అది ఇనుము ఇష్టం. ఒక్కో చుక్కా పెట్టి, చల్లార్చి, చూసుకుంటూ పోవాలి."

నాలుగయ్యేసరికి నిప్పురవ్వలు ఆగాయి. అల్యూమినియం గాడిని విప్పి పక్కన పెట్టారు. మూడు ముక్కలూ మూడు ముక్కలయ్యాయి, మళ్ళీ బోల్టులతో ఒకటయ్యాయి. దారం కట్టి చూస్తే ఏడు మిల్లీమీటర్లు.

"ఇప్పుడు దీన్ని పక్కమీద నిలబెట్టాలి," అన్నాడు మేస్త్రి. "ఒకవైపు దారం, ఒకవైపు మంట. పట్టండి."

కూతురు ఒక కొస, తల్లి ఒక కొస. మధ్యలో మేస్త్రి వంగి, ఎడమచెయ్యి కిందికి పెట్టాడు. కుడిచెయ్యి పెట్టినట్టే పెట్టి, పట్టలేదు.

"ఆ చెయ్యి తియ్యి నాన్నా," అంది కూతురు. "అత్తా, నువ్వు రా."

"నేనా?" మేనత్త చీర కుచ్చిళ్ళు ఎగదోపింది. "మూడు రోజులనుంచి దీన్ని తన్నుకుంటున్నాను, ఇవాళ మొయ్యడం కూడానా? ఒరేయ్, పక్కకి జరుగు."

ముగ్గురాడవాళ్ళూ కలిసి ఒక్క ఊపున తిప్పారు. చట్రం రెండు బల్లలమీద పక్కకి ఒదిగి నిలిచింది. మేస్త్రి ఖాళీ చేతులతో చూస్తూ నిలబడ్డాడు.

"ఎవరు చెప్పారు?" అన్నాడు నెమ్మదిగా.

"మేకులు."

ఆయన ఇంకా గొంతు తగ్గించాడు. "మీ అమ్మకి తెలియనివ్వకు."

"మీ అమ్మకి చెవులున్నాయి," అంది తల్లి దారం ముడి వేస్తూ. "కళ్ళు నాలుగు నెలలుగా ఉన్నాయి."

"పని అడగడానికొచ్చినవాడికి ఈ సంగతి తెలిస్తే ఇంకో మేస్త్రిని వెతుక్కుంటాడు," అన్నాడాయన. "అందుకని..."

"మేము పని అడగడానికి రాలేదు."

తల్లి చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. ఫోన్‌లో ఎవరితోనో తక్కువ మాటల్లో మాట్లాడింది. ఎముకల డాక్టరు దగ్గర ఒక్క ఖాళీ ఉందన్నారు, అది కాదంటే మూడు వారాలు ఆగాలన్నారు. ఆ ఖాళీ రేపు పొద్దున్న తొమ్మిదింటికి. తొమ్మిదింటికి ఇంకేమి ఉందో ఆమెకి తెలుసు. అయినా పేరు రాయించింది. బయటికి వచ్చి ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

గ్యాస్ టార్చ్ కూతురి చేతిలో ఉంది. ఇంతకుముందు దాన్ని ఆయన ఎవరికీ ఇవ్వలేదు.

"రంగు చూడు, రంగే చెప్తుంది. ఎండుమిరపకాయ రంగు రాగానే మంట తీసెయ్యాలి. పండుమిరపకాయ దాకా పోయిందా, ఇనుము మెత్తబడి చెడుతుంది."

"ఎండలో ఏ రంగూ తెలియట్లేదు నాన్నా."

"అవును, ఎండ. నీడ కావాలి. అక్కా, గొడుగు!"

మేనత్త నల్ల గొడుగు విప్పి, కాలే ఇనుముకి పట్టుకుని నిలబడింది. గోడ అవతలనుంచి పక్కింటామె తొంగి చూసింది.

"ఏంటండీ, ఇనుముకి ఎండ తగుల్తుందనా?"

"అవునమ్మా, రంగు తగ్గిపోతుందని," అంది మేనత్త, మొహంలో ఏమీ కనపడనీయకుండా.

మొదటి చుక్క. గొట్టం మీద గుండ్రంగా ఎరుపు ముదిరింది.

"తియ్యి. తియ్యి! మూడు లెక్కపెట్టే టైము ఎక్కువ పెట్టావు."

"నీ కంగారుకే లెక్క తప్పింది."

"నా కంగారా? నాకేం కంగారు?" అన్నాడే గానీ ఆయన మళ్ళీ కూర్చోలేదు.

చల్లారేదాకా ఎదురుచూడడమే అన్నిటికంటే కష్టమైన పని. మేనత్త నీళ్ళు చల్లనా అంది. వద్దక్కా, దానంతటదే చల్లారాలి, తొందరపెడితే మాట వినదు అన్నాడాయన. కూతురు ఆయన భుజం వైపు చూస్తోందని తెలిసి, ఆయన చట్రం వైపు చూశాడు.

"నొప్పా?" అంది ఆ పిల్ల.

"పైకెత్తితేనే."

"నాకు చెప్పొచ్చు కదా. తిప్పడానికి పిలిస్తే వచ్చేదాన్ని కదా."

"పరీక్ష రాస్తున్నావు." కాసేపాగి అన్నాడు. "నువ్వు వచ్చేసరికి అయిపోయి ఉంటే బాగుంటుందనుకున్నాను. అంతే."

కూతురు లేచి దారం కొస అందుకుంది.

దారం లాగారు. అయిదున్నర మిల్లీమీటర్లు. రెండో చుక్క, ఎదురుచూపు. నాలుగున్నర. మూడో చుక్కకి నాలుగుకి కూడా దిగలేదు, ఇనుము మొండికేసింది. చోటు మార్చాలన్నాడు మేస్త్రి. గొట్టం మీద వేలితో తట్టుకుంటూ, చెవి ఒగ్గి, జానెడు ఎడంగా సుద్దతో గుండ్రంగా గీశాడు.

"ఎందుకక్కడ?"

"ఏమో. నా చెయ్యి అక్కడ ఆగింది."

"అది లెక్క కాదు నాన్నా."

"నీ లెక్క ఏమంటోంది?"

ఆ పిల్ల కాగితం తిప్పి, పెన్సిలుతో రెండు గీతలు గీసి, స్కేలుతో కొలిచింది. సుద్ద గుండ్రానికి రెండంగుళాల అవతల పెన్సిలు గుర్తు పెట్టింది. ఇద్దరూ ఆ రెండు గుర్తుల మధ్య ఖాళీని చూశారు.

"నీ దగ్గరే పెట్టు," అన్నాడాయన.

"మధ్యలో పెడతాను," అంది కూతురు.

ఎండుమిరపకాయ రంగు రాగానే, ఎవరూ చెప్పకుండానే మంట తీసేసింది.

ఇనుము ఇంకా వేడిగా ఉండగానే ఫోన్ మోగింది. ఆరు. తెరమీద కెప్టెన్ పేరు. కూతురు ఫోన్ వైపు, చల్లారని మచ్చ వైపు, తండ్రి వైపు చూసింది. నోరు విప్పకుండా ఉండడానికి ఆయన పడుతున్న కష్టం తల్లికి కనిపించింది.

"హలో. ఆఁ, వాళ్ళది వద్దులే." ఆ పిల్ల సుద్ద గుండ్రం వైపు తిరిగింది. "మాది తెస్తాను. మూడు ముక్కలు. వ్యాను పొద్దున్న ఏడింటికి పంపించు."

ఫోన్ పెట్టేసింది.

"చూడకుండానే చెప్పేశావేమే?" అంది మేనత్త. గొడుగు ఇంకా పట్టుకునే ఉంది, ఎండ పోయిందని ఆమెకి గుర్తు లేదు.

"చూశాక చెప్పేదయితే ఎవరైనా చెప్తారత్తా."

మేస్త్రి గొట్టం మీద అరచెయ్యి వేశాడు. తియ్యలేదు. చల్లారిందన్నమాట.

తల్లి దారం ఒక కొసని మేకుకి కట్టింది, కూతురు ఇంకో కొస లాగి పట్టుకుంది. మూడు మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ తీసుకుని మేస్త్రి చట్రం నడుము దగ్గరికి వచ్చాడు. దారానికీ ఇనుముకీ మధ్య అది ఆడుతూ దూరిందంటే ఓడినట్టు. దూరబోయి దారాన్ని కదిపిందంటే గెలిచినట్టు. ఆయన బిట్‌ని పెట్టబోయి, ఆగి, భార్య చేతికిచ్చాడు.

"నువ్వు చూడు. నేను చూస్తే గెలిచినట్టే కనపడుతుంది."

ఆమె కళ్ళద్దాలు సరిచేసుకుని వంగింది. బిట్‌ని అడ్డంగా లోపలికి జరిపింది. ఊపిరి కూడా దారాన్ని కదుపుతుందని బిగబట్టింది. ఒకసారి చాలక, పక్కన రెండు చోట్ల కూడా చూసింది.

"ఏమ్మా?"

"ఉండు."

"అమ్మా!"

"దారం కదులుతోంది," అంది తల్లి. "మూడు చోట్లా."

మేనత్త గొడుగు మూసేసింది. కూతురు దారం వదిలేసి తండ్రి దగ్గరికి రెండడుగులు వేసి, ఆయన భుజం గుర్తొచ్చి, ఎడమచెయ్యి పట్టుకుంది.

"రేపు తొమ్మిదింటికి నా పక్కనుండాలి నాన్నా. నిలబెట్టేటప్పుడు నువ్వు చూస్తుంటే చాలు."

"ఉండక ఎక్కడికి పోతాను?"

తల్లి దారాన్ని వేళ్ళకి చుడుతోంది. చుట్టడం పూర్తయ్యేదాకా ఆగి చెప్పింది.

"రేపు తొమ్మిదింటికి ఆయనకి డాక్టరు. అది తప్పితే మూడు వారాలు."

మేనత్త మూసిన గొడుగు గోడకి ఆనించింది.

"మూడు వారాలు ఆగుతాను," అన్నాడు మేస్త్రి. "నాలుగు నెలలు ఆగినవాణ్ణి."

తల్లి కూతురి వైపు చూసింది. ఈసారి టపా మోసే ఉద్దేశం ఆమెకి లేదు.

ఆ పిల్ల పట్టుకున్న చెయ్యి వదల్లేదు. ఆరు మీటర్ల ఇనుముని ఈ కొసనుంచి ఆ కొసకి ఒకసారి చూసుకుంది. రేపు దాన్ని నిలబెట్టేటప్పుడు ఒక్క బోల్టు తప్పు వరసలో బిగిసినా, ఇవాళ పోయిన వంపు మళ్ళీ వస్తుంది.

"నువ్వు రావద్దు నాన్నా," అంది.

మొన్నన్న మాటే. మధ్యాహ్నమూ అన్న మాటే. మేస్త్రి కూతురి మొహంలోకి చూశాడు. తర్వాత చెయ్యి విడిపించుకుని వంగి, ఎడమచేత్తో నేలమీదున్న పానా తీసి ఆమెకి అందించాడు.

"అయితే చెప్పు. నిలబెట్టేటప్పుడు ముందు ఏ బోల్టు బిగిస్తావు?"

"నువ్వైతే ఏది బిగిస్తావు?"

"నేను నిన్నడిగాను."

కూతురు పానా పట్టుకుని టవర్ మొదలు దగ్గర మోకాళ్ళమీద కూర్చుంది.